కోటయ్య మేస్త్రి కోసేసిన మిషను

కాలిన ఇంజనాయిల్ వాసన తగిలితే నాకు ముందు కోపం వస్తుంది, ఆ తరవాతే మనిషి గుర్తొస్తాడు. పోయిన వారం నరసరావుపేటలో మా చెల్లెలింటికి వెళ్ళినప్పుడు, కారు సర్వీసుకిద్దామని రోడ్డు పక్కనున్న ఒక షెడ్డుకు తీసుకెళ్ళాను. అక్కడి మెకానిక్కు బానెట్ ఎత్తి, ఆయిల్ చూసే పుల్ల బయటికి లాగి, ఆ కన్నంలోకి సన్నటి పైపు దింపాడు. పైపు రెండో కొస చక్రాల మీద నిలబెట్టిన డబ్బాలోకి పోయింది. మీట నొక్కగానే గుర్రుమంటూ నల్లటి ఆయిల్ పైపులో పైకి పాకింది. వేడి వాసన గుప్పుమంది. "పది నిమిషాలు మేడం. ఇప్పుడంతా ఇట్టాగే. కిందికి దూరే పనే లేదు," అన్నాడతను గర్వంగా. ఆ ఆఖరి మాటకు నా ఒళ్ళు మండింది. పాపం, అతని తప్పేమీ లేదు. ఆ మాట ఒకప్పుడు నేను కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టిన మాట. దానివల్ల ఒక మనిషికి వేళ్ళు పోయాయి, ఇంకో మనిషికి ఉద్యోగం పోయింది.

ఉద్యోగం పోయిన మనిషి కోటయ్య మేస్త్రి. పూర్తి పేరు కోటేశ్వరరావు. కోటప్పకొండ చుట్టుపక్కల ఇంటికొకరికి ఉండే పేరే. నరసరావుపేట శివార్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ బస్సుల షెడ్డులో ఆయన పెద్ద మెకానిక్కు. కాలేజీ పేరు రాయను. రాస్తే వాళ్ళకు ఇంకో ప్రకటన అవుతుంది. నేను అక్కడ మెకానికల్ పాఠాలు చెప్పేదాన్ని. చేరిన రెండో ఏడు, "మెకానికల్ మేడమే కదా, బస్సులు కూడా చూసుకుంటారు" అని ట్రాన్స్‌పోర్టు ఇన్‌చార్జి పని కూడా నా నెత్తిన పెట్టారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు, సంతకాలు పెట్టి ఊరుకోమని తోటి లెక్చరర్లు చెప్పారు. నేనూ అలాగే ఊరుకునేదాన్నేమో, మొదటిరోజే ఆయన నన్ను నేల మీద పడుకోబెట్టకపోయి ఉంటే.

రిజిస్టరు పట్టుకుని షెడ్డుకు వెళ్ళేసరికి నాకు కనిపించింది ఆయన పాదాలే. మిగతా మనిషి బస్సు కింద ఉన్నాడు. ఒక్కో బస్సుకు ఎంత ఆయిల్ పడుతుందని అడిగాను.

"మేడం గారూ, రాసుకోటానికైతే ఆఫీసులోనే ఉంది కాయితం. పని చూట్టానికైతే కిందికి రండి," అని బస్సు కిందనుంచి గొంతు వచ్చింది.

"ఎలా రావాలి?"

"నేనెట్టా వచ్చానో అట్టాగే. మీరు పాఠం చెప్పే ఇంజను గోడ మీద పటంలో ఉండిద్ది. అసలుది ఈడుంది."

ఒక చెయ్యి బయటికొచ్చి, మడిచిన పాత ఫ్లెక్సీ ఒకటి నా ముందు పరిచింది. మూడేళ్ళ కిందటి అడ్మిషన్ల ఫ్లెక్సీ. మధ్యలో చైర్మన్ గారు చేతులు జోడించి నవ్వుతున్నారు. "పడుకోండి. పెద్దాయన మొహం మీద పడుకున్నామని ఏం అనుకోమాకండి. షెడ్డుకి ఆయన ఇచ్చింది ఇదొక్కటే," అంది గొంతు. నాకు నవ్వూ భయమూ కలిసొచ్చాయి. చున్నీ నడుముకు చుట్టుకుని, ఆ నవ్వు మీద వెల్లకిలా పడుకుని లోపలికి జరిగాను. ముఖానికి జానెడు ఎత్తులో టన్నుల కొద్దీ ఇనుము. ఆయన ఆయిల్ బోల్టు విప్పుతుంటే వేడి చుక్కలు భుజం మీద పడుతున్నాయి. అంతకుముందు పనిచేసిన కాలేజీతో కలిపి అప్పటికి నాలుగేళ్ళుగా ఇంజన్ల గురించి చెబుతున్నాను. ఒక ఇంజను అడుగుభాగం చూడటం అదే మొదటిసారి.

ఇరవై రెండు బస్సులకు ఆ షెడ్డులో సర్వీసు గొయ్యి లేదు. మనిషి నిలబడి, పైనున్న బస్సు అడుగున పని చేసుకునే సిమెంటు గొయ్యి ఏ చిన్న లారీ షెడ్డులోనైనా ఉంటుంది. బస్సు జారినా గొయ్యిలో నిలబడ్డవాడి మీద పడదు, నేల మీద పడుకున్నవాడి మీదే పడుతుంది. కోటయ్య మేస్త్రి ఆరేళ్ళుగా అడుగుతున్నాడు. నేను వచ్చాక ఉత్తరం రాసి ఏవో గారి దగ్గరకు తీసుకెళ్ళాను. ఏవో అంటే కాలేజీ పెత్తనమంతా చూసే పరిపాలనాధికారి. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని విని, షెడ్డు నైరుతి మూల ఉందనీ, నైరుతిలో పల్లం ఉంటే యజమానికి అరిష్టమని చైర్మన్ గారి వాస్తు సిద్ధాంతి చెప్పారనీ అన్నాడు. పోనీ షెడ్డును ఇంకోవైపు మార్చమంటే, గేటు దగ్గర బస్సులు విప్పి పెడితే తల్లిదండ్రులకు చూడ్డానికి బాగుండదన్నాడు. కనీసం బస్సును ఎత్తి నిలపడానికి ఇనప స్టాండ్లన్నా కొనమంటే నవ్వాడు. "పల్నాడులో రాళ్ళకు కొదవా మేడం?"

నిజమే, కొదవ లేదు. మా దగ్గర ఇంటి అరుగు నుంచి పొలం గట్టు దాకా అంతా నాపరాయే. షెడ్డులో కూడా జాకీతో బస్సు ఎత్తి, ఇరుసు కింద నాపరాతి పలకలు ఒకదానిమీద ఒకటి పేర్చేవాళ్ళు. అందరూ అలాగే చేస్తారు కాబట్టి అందులో ప్రమాదం ఉందని ఎవరికీ తోచదు. కోటయ్య మేస్త్రి ఒక్కడే పలక పేర్చిన ప్రతిసారీ తిట్టేవాడు. "ఇది పరుచుకోటానికి పుట్టిన రాయి అమ్మాయ్, మొయ్యటానికి కాదు. పొర మీద పొర. ఎప్పుడు విడిపోద్దో దానికే తెలవదు." వాస్తు సంగతి చెప్పినప్పుడు ఆయన గట్టిగా అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "నైరుతిలో గొయ్యి ఉంటే ఆయనకి అరిష్టం. లేకపోతే మాకు. ఎవురికుండాలో ఆయన తేల్చేసుకున్నాడు," అని పానా తీసుకుని బస్సు కిందికి వెళ్ళిపోయాడు.

ఆ వానాకాలమే ఆయన మెడ కాలింది. కింద బురదలో జారి, బోల్టు ఒక్కసారిగా ఊడి, సలసల కాగే ఆయిల్ చెవి కిందనుంచి భుజం దాకా పడింది. నెల తరవాత తిరిగొచ్చాడు కానీ ఎడమవైపు ఒరగలేకపోయేవాడు. వచ్చిన రోజే నన్ను పిలిచి, ఆయిల్‌ను కింద నుంచి కాకుండా పైనుంచి పీల్చేస్తే ఎలా ఉంటుందని అడిగాడు. ఆయిల్ చూసే పుల్ల ఉండే కన్నం సరాసరి అడుగుదాకా పోతుంది. అందులోంచి సన్నటి పైపు దింపి, గాలి లాగేసిన డబ్బాకు తగిలిస్తే ఆయిల్ దానంతటదే వచ్చి పడాలి. "గొయ్యి తవ్వేదాకా ఈ పనన్నా తప్పిద్దాం. గొయ్యి అడగటం మాత్రం ఆపేది లేదు," అన్నాడు. ఆ రెండో మాట అప్పుడు నేను సరిగా వినలేదు. నా బుర్ర అప్పటికే పైపు సైజుల మీదికి పోయింది.

గాలి లాగడానికి పాడైన ఫ్రిజ్జులోని కంప్రెసర్ దొరికింది. డబ్బాకు ఆయన తమ్ముడి పత్తిచేను నుంచి పురుగుమందు కొట్టే స్ప్రేయర్ ట్యాంకు తెచ్చాడు. పంపు కొడితే ఎంత గాలికైనా ఆగే గట్టి ట్యాంకు, మా ఊళ్ళలో ప్రతి వసారాలో వేలాడేదే. ఇద్దరం బిగించి మీట నొక్కాం. ఒక్క నిమిషం కూడా గడవలేదు, ట్యాంకు టపటపమంటూ నడుం దగ్గర చితికి, తొక్కిన అట్టపెట్టెలా తయారైంది. కోటయ్య మేస్త్రి దాన్ని చేతిలోకి తీసుకుని నా వైపు చూశాడు.

"లోపల్నించి తోస్తే ఆగేది బయట్నించి నొక్కితే ఆగదా?"

"ఆగదు. రెండూ వేరు వేరు బలాలు."

"ఇది నీకు ముందే తెలుసా?"

"పాఠం చెబుతాను."

"చెప్పేదానివి ఇక్కడెందుకు చెప్పలా?"

పరీక్షలో వస్తే పది మార్కులకు రాయించే సంగతి, కళ్ళ ముందు ట్యాంకు రూపంలో నిలబడితే నేను గుర్తుపట్టలేదు. ఆయనకు నిజంగానే కోపం వచ్చింది. ట్యాంకు పోయినందుకు కాదు. తెలిసిన మనిషి తెలియనట్టు నిలబడినందుకు. "తెలవనోడితో పోట్లాడొచ్చు అమ్మాయ్. తెలిసి నోరెత్తనోడితోనే చచ్చే చావు," అన్నాడు.

తరవాత పాత లారీ బ్రేకుల గాలిట్యాంకు తెచ్చాం. గుండ్రటి దళసరి ఉక్కు, దాన్ని ఏ నొక్కుడూ ఏమీ చెయ్యలేకపోయింది. గ్యాసు పొయ్యి పైపు వేస్తే వేడికి మెత్తబడి అతుక్కుపోయింది. దాని బదులు లారీ బ్రేకుల గట్టి పైపు వేశాం. ముందు ట్యాంకులో గాలంతా లాగేసి వాల్వు మూసి, ఇంజను కాసేపు తిప్పి ఆయిల్ పలచబడ్డాక పైపు దింపి వాల్వు తెరవాలి. మొదటిసారి నల్లటి ధార ట్యాంకులోకి దూకిన చప్పుడు విని నేను చప్పట్లు కొట్టాను. సైదులు విజిలేశాడు. సైదులు ఆయన దగ్గర రెండో మెకానిక్కు, నలభై దాటిన దుర్గి వైపు మనిషి, ఎప్పుడూ ఏదో ఒకటి పాడుకుంటూ ఉండేవాడు. కోటయ్య మేస్త్రి మాత్రం ట్యాంకు మీద చెయ్యి వేసి కాసేపు అలా నిలబడ్డాడు. ఆ ముఖంలో సంతోషం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. ఏవో గారు మిషను చూసి ముచ్చటపడి, రిపోర్టు రాసిమ్మన్నాడు. చైర్మన్ గారికి చూపించాలన్నాడు. రాసిచ్చాను. రెండు పేజీలు, బొమ్మలతో సహా. ఏవో చదివి, "బాగుంది మేడం. చివర్న ఒక్క ముక్క రాయండి. దీనివల్ల కాలేజీకి లాభమేంటో తెలియాలిగా," అన్నాడు. అక్కడే నిలబడి పెన్ను తీసి రాశాను. ఈ పరికరం వల్ల సిబ్బంది వాహనం కిందికి దూరవలసిన పని లేదు, కావున సర్వీసు గొయ్యి అవసరం లేదు. ఎవరూ నా చెయ్యి పట్టుకుని రాయించలేదు. మెచ్చుకుంటున్నారన్న సంతోషంలో రాశాను.

వారం తిరక్కుండా సభ పెట్టి కోటయ్య మేస్త్రికి శాలువా కప్పారు. నాకో మెమెంటో ఇచ్చారు. చైర్మన్ గారు మైకులో నా వాక్యాన్ని చదివి వినిపించారు. స్టేజీ మీద ఆయన పక్కనే నిలబడ్డ కోటయ్య మేస్త్రి మెడ నా వైపు తిరగడం చూశాను. షెడ్డుకొచ్చాక శాలువా తీసి మిషను మీద వేశాడు.

"ఇది ఎందుకు కప్పారో తెలుసా? గొయ్యి పూడ్చినందుకు. తవ్వకముందే పూడ్చినందుకు."

"మేస్త్రీ, నేను ఆయిల్ పని గురించే..."

"ఆయిల్ తియ్యటానికి అక్కర్లేదు, సరే. గేర్‌బాక్సు దించటానికి? స్ప్రింగు పట్టీలు మార్చటానికి? బ్రేకులు చూట్టానికి? ఒక్క పని తప్పిస్తే అన్నీ తప్పినట్టు రాశావే! కింద పడుకుని చూశావుగా నువ్వు. చూసి కూడా రాశావే! ఆ మిషను నేను గొయ్యి కోసం పోట్లాడటానికి ఓపిక మిగుల్చుకుందామని చేశాను. నువ్వు దాన్ని వాళ్ళ చేతికిచ్చావు."

మరునాడు ఆ వాక్యం తీసేయమని అడగడానికి ఏవో గదికి వెళ్ళాను. ఫైలు మూసేశామన్నాడు. ఇంకోసారి వెళ్ళలేదు. నన్ను పర్మినెంటు చేసే కాగితం అప్పట్లో ఆయన బల్ల మీదే ఉంది. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్పాలి.

నాలుగు నెలలకు, కాలేజీ పనిదినం నడిమధ్యలో, క్లాసులో ఉండగా షెడ్డు నుంచి అరుపు వినిపించింది. వెనక స్ప్రింగు పట్టీలు మారుస్తున్నారు. ఇరుసు కింద పేర్చిన పలకల్లో నడిమిది పొర విడిపోయింది. బస్సు బెత్తెడు కిందికి దిగింది. ఆ బెత్తెడులో సైదులు ఎడమచెయ్యి ఉంది. నేను వెళ్ళేసరికి కోటయ్య మేస్త్రి జాకీ ఎత్తుతున్నాడు, చేతులు వణక్కుండా, ఒక్కో దెబ్బా లెక్కపెట్టుకుంటూ. సైదులు అరవడం మానేసి, "వేళ్ళు ఉన్నాయా అన్నా, ఉన్నాయా?" అని అడుగుతున్నాడు. పక్కన ఆ విడిపోయిన రాయి రెండు పలుచని ముక్కలుగా, ఇంట్లో పరుచుకోవడానికి సిద్ధంగా ఉన్నట్టు నున్నగా పడుంది. రెండు వేళ్ళు పోయాయి.

మేము సైదుల్ని ఆస్పత్రిలో చేర్పించి వచ్చాక, ఏవో నన్ను, కోటయ్య మేస్త్రిని పిలిపించాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏంటో ఆ గదిలో తెలిసింది. సైదులు వైద్యానికీ కాలేజీకీ సంబంధం లేదన్నాడు. "మిషనుండగా వాడు కిందికి ఎందుకు దూరాడు? దూరవలసిన పని లేదని మేడమే రాశారు. ఇది వాడి నిర్లక్ష్యం. పనిలోంచి కూడా తీసేయాల్సి వస్తుంది," అని నా రిపోర్టు తెరిచి నా సంతకం నాకే చూపించాడు. సైదులు బతుకు నా వాక్యం కింద పడి నలుగుతోంది. కోటయ్య మేస్త్రి లేచి వెళ్ళిపోయాడు.

మరునాడు ఉదయం బస్సులు పిల్లల్ని దింపే వేళకు, ఆయన మిషనును తోసుకుంటూ ఏవో గది ముందుకు తెచ్చాడు. చేతిలో ఇనుము కోసే కట్టర్. డ్రైవర్లు చుట్టూ మూగారు. నేను పరిగెత్తి, లోపల ఆయిల్ ఉంటుంది, నిప్పంటుకుంటుందని అరిచాను.

"నిన్ననే సబ్బునీళ్ళతో రెండుసార్లు కడిగాను. లోపలంతా నీళ్ళే ఉన్నయ్యి," అన్నాడు నెమ్మదిగా. "కోపమొచ్చినప్పుడే చెయ్యి చానా జాగర్తగా ఆడాలమ్మాయ్."

ఏవో బయటికొచ్చి, "ఏందిది మేస్త్రీ, పిచ్చెక్కిందా? కాలేజీ ఆస్తి అది!" అని కేకలేశాడు. మేస్త్రి అటు చూడనేలేదు. కట్టర్ నడిపాడు. నిప్పురవ్వలు, నీళ్ళు కలిసి మెట్ల మీద పడ్డాయి. మేమిద్దరం రెండు నెలలు తంటాలు పడి చేసిన మిషను ట్యాంకు నడిమికి రెండయింది. అప్పుడు కట్టర్ ఆపి, నా వైపు తిరిగాడు.

"ఇప్పుడు మిషను లేదు మేడం గారూ. ఏం కావాలో రాయండి."

చాలా రోజుల తరవాత నన్ను మళ్ళీ మేడం గారూ అన్నాడు. అది నాకు చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. అక్కడే, ఆ మెట్ల మీదే కూర్చుని రాశాను. నేను రాసింది తప్పు. ఆ పరికరం ఆయిల్ తీయడానికి తప్ప దేనికీ పనికిరాదు. గొయ్యి లేకపోవడం వల్లే, స్టాండ్లకు బదులు నాపరాళ్ళు వాడవలసి రావడం వల్లే సైదులు చెయ్యి నలిగింది. సంతకం పెట్టి ఏవో చేతికిచ్చాను, ఒక కాపీ డ్రైవర్లకిచ్చాను. సాయంత్రం బస్సులు కదల్లేదు. మర్నాడూ కదల్లేదు. తల్లిదండ్రుల ఫోన్లతో చైర్మన్ గారికి అరిష్టం వేరే రూపంలో మొదలైంది. మూడోరోజు మట్టి తవ్వే బండి వచ్చింది. సిద్ధాంతి గారు దిక్సూచి పట్టుకుని మళ్ళీ కొలిచి, అసలది నైరుతే కాదు, దక్షిణమని తేల్చారు. ఆ మాట విన్నప్పుడు వచ్చినంత కోపం నాకు జీవితంలో ఇంకెప్పుడూ రాలేదు. ఆరేళ్ళూ ఆ దిక్సూచి వాళ్ళ జేబులోనే ఉంది.

సైదులు వైద్యం కాలేజీయే చేయించింది. పనిలో ఉంచారు. కోటయ్య మేస్త్రిని మాత్రం కాలేజీ ఆస్తి ధ్వంసం చేశాడని తీసేశారు. తన బుర్రతో, తన చేత్తో చేసిన మిషను ఆయనది కాదట. ఆయన అడిగిన గొయ్యిలో ఆయన ఒక్కరోజు కూడా నిలబడలేదు. ఏడాది చివర్లో నేనూ మానేసి వేరే ఊరు వెళ్ళిపోయాను. వెళ్ళేముందు, ఆయన కొత్తగా చేరిన లారీ షెడ్డుకు వెళ్ళి క్షమించమన్నాను.

"నా వేళ్ళేం పోలేదుగా. సైదుల్ని అడుగు," అన్నాడు. కాసేపటికి టీ తెప్పించాడు. తాగుతుంటే, "రెండోసారి రాసింది బాగుంది. మొదటిసారే అది రాసుంటే మిషను మిగిలేది," అన్నాడు. అంతకుమించి ఓదార్చలేదు. ఓదార్చి ఉంటే నేను ఈపాటికి మర్చిపోయి ఉండేదాన్ని. పోయిన ఏడు ఆయన గుండెపోటుతో పోయాడని సైదులే ఫోన్ చేసి చెప్పాడు. ఇప్పటికీ ఆ గొయ్యిలో పని చేసేది సైదులే.

పోయిన వారం ఆ రోడ్డు పక్క షెడ్డులో ఆయిల్ పీల్చడం పూర్తయ్యాక, మెకానిక్కు నా ముందు జాబ్ కార్డు పెట్టాడు. బ్రేకులు, బోల్టులు, అడుగుభాగం అంతా చూశాం, అంతా సరిగా ఉంది, కింద సంతకం చెయ్యండి అని అచ్చేసి ఉంది. మీకు గొయ్యి ఉందా అని అడిగాను. "ఉంది మేడం, మిషనొచ్చాక వాడకం తగ్గింది," అని చూపించాడు. చెక్కలు కప్పి, పైన పాత టైర్లు పేర్చారు. బ్రేకులు ఎలా చూశారని అడిగితే తల గోక్కున్నాడు. అతని మీద కోప్పడలేదు. చెయ్యి జాగర్తగా ఆడాలి కదా. పెన్ను మూత పెట్టి, చున్నీ నడుముకు బిగించి, అవతలున్న అట్టపెట్టె ఒకటి చింపి కారు పక్కన పరిచాను.

"మేడం, మీరెందుకు..." అంటూ అతను కంగారుపడ్డాడు.

"సంతకం నాది కదయ్యా," అని వెల్లకిలా పడుకుని కిందికి జరిగాను.